పానకం నుంచి కొరివికారం దాకా

మాది విజయనగరం వైపు. మా ఇళ్ళలో బెల్లం ముక్క పడకుండా పులుసు దిగదు. ఫిబ్రవరి మొదటి వారంలో స్నేహితుడి ఊరికని గుంటూరు బయల్దేరుతుంటే, "అక్కడి కారం నీ కడుపుకి పడదు నాన్నా, చూసుకుని తిను" అని అమ్మ రెండుసార్లు చెప్పింది.

విజయవాడలో రైలు దిగేసరికి తెల్లవారింది. స్టేషన్ బయట నెయ్యి, కారప్పొడి చల్లిన ఇడ్లీలు తిని గుంటూరు బస్సెక్కాను. మధ్యలో మంగళగిరిలో దిగిపోయాను. కొండ మీది పానకాల నరసింహస్వామిని చూడాలని ఎన్నాళ్ళుగానో ఉంది. అక్కడ స్వామికి నైవేద్యం పానకమే. అర్చకులు శంఖంతో స్వామి నోట్లో పానకం పోస్తుంటే గుటకలు వేస్తున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. సగం స్వామి పుచ్చుకుని, మిగతా సగం మనకి ప్రసాదంగా వదిలేస్తాడని భక్తుల నమ్మకం. మెట్లెక్కి ఎండిపోయిన గొంతులో ఆ బెల్లం నీళ్ళు చల్లగా దిగాయి. తీపి తగ్గుతుండగా మిరియం మెల్లగా మొదలైంది. నాలుక మీద కాదు, గొంతు వెనకాల.

ఆ మిరియపు ఘాటు ఆ రోజంతా నా వెంటే వచ్చింది. మిరపకాయ మన దేశానికి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది, 16వ శతాబ్దంలో. అంతకుముందు మన వంటింట్లో కారమంటే ముఖ్యంగా మిరియమే. మిరప అన్న మాటలో కూడా మిరియమే వినిపిస్తుంది. అంటే గుంటూరు కారం అని మనం చెప్పుకునే దానికంటే పాత కారం ఆ ప్రసాదంలో ఇంకా ఉంది. నాకు ఆ ఆలోచన చాలా నచ్చింది.

గుంటూరు బస్టాండుకి మా వాడు బండి మీద వచ్చాడు. ఆ ఉదయమే వాళ్ళు మిర్చి యార్డుకి టిక్కీలు తోలారట. టిక్కీ అంటే మిరపకాయల బస్తా. వాళ్ళ పల్లె సత్తెనపల్లి దారిలో ఉంది. దారి పొడుగునా నల్లరేగడి చేలు, చేల పక్కన కల్లాలు. దూరం నుంచి చూస్తే నేల మీద ఎర్రదుప్పట్లు పరిచినట్టున్నాయి. బండి ఆపమని ఒక కల్లంలోకి వెళ్ళాం. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. రంగు పోయి తెల్లబడిన కాయల్ని తాలు అంటారు, వాటి ధర వేరు. సన్నగా ఉండే తేజ ఘాటైన కాయ. ముడతలు పడ్డ బ్యాడిగి కర్ణాటక రకం, దాంట్లో కారం తక్కువ, రంగు ఎక్కువ. ఇక గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఎండలో ఆ కాయల వాసన నేను అనుకున్నట్టు ముక్కు అదరగొట్టలేదు. ఎండిన ద్రాక్షలా కొంచెం తియ్యగా ఉంది. ఆ ఆడవాళ్ళు మాత్రం మొహాలకి గుడ్డలు కట్టుకునే పని చేస్తున్నారు. సాయంత్రానికి చేతులు మండుతాయని ఒకావిడ చెప్పింది. మన కంచంలోకి వచ్చే కారం ముందు వాళ్ళ చేతుల్ని దాటి వస్తుంది.

ఇంటికి వెళ్ళేసరికి పెద్దమ్మ, అంటే మా వాడి అమ్మ, రోటి దగ్గర ఉంది. నేను సరిగ్గా పండుమిర్చి పచ్చడి పెట్టే రోజున వెళ్ళాను. దాన్నే కొరివికారం అంటారు. చెట్టు మీదే పండిన ఎర్రటి కాయలు, ఇంకా ఎండనివి. వాటిని కడిగి, తడి లేకుండా గుడ్డ మీద ఆరబెట్టి, తొడిమలు తీసి, ఉప్పూ చింతపండూ వేసి కచ్చాపచ్చాగా తొక్కి జాడీలో పెడుతుంది. మూడో రోజు తీసి మళ్ళీ నూరి, మెంతిపిండి కలుపుతుంది. తిరగమోత మాత్రం ఎప్పటికప్పుడే, తినే రోజున, వెల్లుల్లి ఎక్కువగా వేసి.

"ఏం బాబూ, నోరు మండుద్దని భయమా? పండుకాయలో తీపి కూడా ఉంటది. తిని చూడు."

నిజమే. అంతకు మూడు రోజుల ముందు తొక్కిన పచ్చడి వేడి అన్నంలో కలిపి పెట్టింది. ముందు పులుపు, వెనకే పండు తీపి, ఆ తర్వాత కారం. నేను నీళ్ళ గ్లాసు అందుకోబోతే పెద్దమ్మ ఆపి అన్నంలో ఇంకో గరిటె నెయ్యి పోసింది. కారంలో మంట పుట్టించే పదార్థం నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఆ సంగతి నేను చదువుకున్నాను. పెద్దమ్మకి చెయ్యి అలవాటుగా తెలుసు. ఆ భోజనమంతా అలాగే నడిచింది. గోంగూర పచ్చడి పక్కన ముద్దపప్పు, నెయ్యి, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ. ఉలవచారు మీద చెంచాడు మీగడ. చివర గడ్డపెరుగు. గుంటూరు జిల్లా అనగానే మనం కారాన్నే తలుచుకుంటాం కానీ, ఆ కారాన్ని ఇంత శ్రద్ధగా చల్లార్చే వంట కూడా వాళ్ళదే.

ఉలవచారు గురించి ఇంకొంచెం చెప్పాలి. ఎడ్లకి ఉలవలు ఉడకబెట్టి గుగ్గిళ్ళు వాటికి పెట్టి, ఆ నీళ్ళని మనుషులు చారు కాచుకునేవాళ్ళు. సన్నటి సెగ మీద గంటల తరబడి మరిగితే గాని ఆ చిక్కదనం, ఆ నల్లటి రంగు రావు. వాళ్ళింట్లో ఎడ్లు పోయి ట్రాక్టర్ వచ్చి చాలా ఏళ్ళయింది. చారు కోసమే పెద్దమ్మ ఇప్పటికీ ఉలవలు ఉడికిస్తుంది, గుగ్గిళ్ళు గేదెకి పెడుతుంది. తిరుగు ప్రయాణంలో రోడ్డు పక్కన ఒక పెద్ద హోటల్లో అదే పేరుతో చింతపండు పులుసు లాంటిదేదో పోశారు. నాకు బాధేసింది. మొదటిసారి తినేవాళ్ళు ఇదే ఉలవచారు అనుకుంటారు కదా. మీరు ఆ వైపు వెళ్తే, వీలైనంతవరకు ఎవరింట్లోనైనా తినండి.

పొద్దున్నే పెరుగన్నం, ఊర మిరపకాయలు. మధ్యాహ్నం ఎండలో గోలి సోడా బండి దగ్గర సుగంధి సోడా తాగాం. సుగంధిపాల వేరు వాసన నాకు ఎప్పుడూ వాన పడ్డ మట్టిని గుర్తు చేస్తుంది. తాటిముంజలకి మాత్రం ఏప్రిల్, మే నెలల్లో రావాల్సిందేనని మా వాడు తేల్చేశాడు.

బయల్దేరేటప్పుడు పెద్దమ్మ చిన్న జాడీలో కొరివికారం పెట్టి, మూతకి గుడ్డ కట్టి ఇచ్చింది.

"తడి గరిటె పెట్టబాకు. మీ అమ్మకి ముందు నెయ్యి వేసి పెట్టు."

ఇంటికి చేరిన రోజు రాత్రి అలాగే పెట్టాను. అమ్మ రెండో ముద్దకి నెయ్యి వద్దంది.