టికెట్ లేని సాయంత్రం

బుధవారం, రాత్రి పదిన్నర.

పొద్దున ఐదున్నరకే మెలకువ వచ్చింది. వచ్చింది అనడం తప్పు, తెప్పించారు. రెండేళ్ల మూడు నెలల మనిషి నా కనురెప్పను వేలితో పైకెత్తి, లోపల ఎవరైనా ఉన్నారా అని తొంగి చూస్తే నిద్ర ఎక్కడ నిలుస్తుంది? బయట చలి. నల్గొండలో డిసెంబరు పొద్దులు మేం ఒప్పుకున్నంత వెచ్చగా ఏమీ ఉండవు.

తర్వాతి రెండు గంటలూ రోజూ ఉండేవే. పాలు, బియ్యం, డబ్బాలు, దొరకని ఒక సాక్సు. మా ఆయన ఏడు గంటలకే మిర్యాలగూడ రైలుకు వెళ్లిపోయారు. అక్కడ రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు. వానాకాలం వడ్లు దిగే ఈ రోజుల్లో మిల్లుల ముందు లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. పిల్లవాడు లేవకముందు వెళ్లి, పడుకున్నాక రావడం ఆయనకు అలవాటైపోయింది. ఈరోజు వాడే ముందు లేచాడు కాబట్టి తండ్రి గడ్డం గీసుకోవడం చూసే భాగ్యం దక్కింది.

అసలు రాయాలనుకున్నది "వస్తా" గురించి. మనం గడప దాటుతూ "పోతున్నా" అనం. "వస్తా" అంటాం. పెద్దవాళ్లు నేర్పిన మాట, ఆలోచించకుండా నోట్లోంచి వచ్చేస్తుంది. మా వాడి నిఘంటువులో మాత్రం దాని అర్థం వెళ్లిపోవడం. అమ్మ భుజానికి సంచి తగిలించుకుని ఆ మాట అన్నదంటే మళ్లీ చీకటి పడేదాకా కనిపించదు. వాడు కట్టుకున్న అర్థంలో తప్పు పట్టడానికి ఏముంది? మొన్న ఆదివారం వంటింట్లోంచి "ఆగు, వస్తా" అని కేకేశాను. పరుగున వచ్చి కాళ్లకు చుట్టుకుని ఒకటే ఏడుపు. పప్పు మాడింది, నాకు విషయం బోధపడింది. ఆనాటి నుంచి ఇంట్లో ఆ మాట వాడకూడదనుకున్నాను. ఎంత కష్టమో! స్నానం చేసి వస్తా, నీళ్లు పట్టుకొస్తా, చూసి వస్తా. తెలుగులో ఏ పనికైనా ఈ తోక ఉండనే ఉంటుంది.

ఈరోజు చెప్పకుండా జారుకుందామని చెప్పులు చేత్తో పట్టుకున్నాను. అత్తమ్మ చూడనే చూశారు. "చెప్పి వెళ్లమ్మా. చెప్పకపోతే రోజంతా తలుపు దగ్గరే తిరుగుతాడు" అన్నారు. నిజమే, ఆ తిరగడాన్ని చూసేది ఆవిడే కదా. "వస్తా నాన్నా" అన్నాను. వాడు ఏడవలేదు. "వత్తా" అని చేయి ఊపి, నాకంటే ముందు వాడే వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయాడు. ఏడ్చినా బాగుండేది.

అత్తమ్మ మర్రిగూడ దగ్గరి పల్లెలో పుట్టి పెరిగారు. చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడ్ నీళ్లు పళ్ల మీద గోధుమరంగు చారలుగా, నడుములో బిగువుగా ఉండిపోయాయి. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పు అంటారు. ఆ లెక్కలు చెప్పేవాళ్లు వచ్చేసరికే ఆవిడకు పెళ్లీడు. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నా, మనవడి గ్లాసును వెలుతురుకు ఎత్తి చూడనిదే తాగనివ్వరు. ఫ్లోరైడ్ కంటికి కనిపించదని చెప్పడం మానేశాను. ఆవిడ వంగి వాడిని ఎత్తుకోలేరు. వాడికి ఎవరూ చెప్పలేదు. ఎత్తుకోవాలనిపిస్తే తనే మంచం ఎక్కి నిలబడి చేతులు చాస్తాడు. నా దగ్గరా, వాళ్ల నాన్న దగ్గరా నేల మీదే చాస్తాడు. 180 రోజుల ప్రసూతి సెలవు అయిపోయిన మర్నాటి నుంచి వాళ్లిద్దరూ కుదుర్చుకున్న ఏర్పాట్లలో ఇదొకటి. నాకు తెలియనివి ఇంకెన్నో.

నాకు నార్కెట్‌పల్లి మండల కార్యాలయంలో ఉద్యోగం. రోజూ ఆర్టీసీ బస్సే. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలైంది కదా, కండక్టరు మిషన్ నుంచి చింపి ఇచ్చే జీరో టికెట్టు మా ఇంట్లో పెద్ద ఆస్తి. సాయంత్రం నేను గడపలో అడుగు పెట్టగానే వాడి చేయి చాచి ఉంటుంది. టికెట్టు తీసుకుని బిస్కెట్ డబ్బాలో వేస్తాడు. కొన్నాళ్లకు అక్షరాలు మాసి తెల్లబడినా వాడికి పట్టింపు లేదు.

ఈరోజు బస్సులో కాలు పెట్టే చోటు లేదు. మా ఆఫీసు అమ్మాయి స్కూటీ మీద గడియారం సెంటర్ దాకా దింపింది. అరగంట ముందే ఇల్లు చేరాను, మురిసిపోతాడనుకున్నాను. చేయి చాచాడు. లేదన్నాను. సంచి బోర్లించాడు. టిఫిన్ డబ్బా, దువ్వెన, గొడుగు, రెండు పెన్నులు. టికెట్టు లేదు. నన్ను చూశాడు, తలుపు వైపు చూశాడు. సరిగ్గా వచ్చిన అమ్మ ఇంకా వెనకాల ఉందనుకున్నాడేమో. కిరాణా కొట్టు చీటీ ఇస్తే అటూ ఇటూ తిప్పి విసిరేశాడు. చివరికి ఒళ్లో కూర్చుని అన్నం తిన్నాడు కానీ, నన్ను పూర్తిగా వచ్చినట్టు లెక్క వేసుకోలేదు.

తొమ్మిదిన్నర దాటాక మా ఆయన వచ్చారు. వాడు నిద్రపోయాడు. అన్నం తింటూ జరిగినదంతా విన్నారు. చేయి కడుక్కుని, చొక్కా జేబులోంచి మిల్లులో రద్దయిన కాంటా చీటీ ఒకటి తీసి మడత విప్పారు. బరువు దగ్గర అంకెలు నల్లగా ఉన్నాయి.

"ఇది చెల్లుతుందంటావా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే డబ్బా మూత తీశారు.