ఆరువేలు నిండాయా, నడుస్తోందా?

మా తమ్ముడూ నేనూ పదకొండు రోజులు మాట్లాడుకోలేదు. ఆస్తి తగాదా ఏమీ కాదు. ఒక్క ఏడాది దగ్గర తేడా వచ్చింది. అదీ అప్పటికి ఇంకా 874 ఏళ్లు ఉంది రావడానికి.

వాడు హైదరాబాద్‌లో ఉంటాడు. 2024 జూన్ 27న 'కల్కి 2898 ఏడీ' విడుదలైతే పొద్దున్నే షో చూసేసి, నేను ఇక్కడ రాజమండ్రిలో టిఫిన్ బాక్సులు కడుతుండగా ఫోన్ చేశాడు. "నువ్వు చూడకుండా ఏం చెప్పనక్కా" అంటూనే సగం కథ చెప్పేశాడు. శనివారం నేనూ వెళ్లాను. బాగుంది. మొదటి సగంలో రెండు మూడుసార్లు వాచీ చూసుకున్న మాట నిజమే కానీ, అశ్వత్థామగా అమితాబ్ లేచి నిలబడ్డాక మళ్లీ చూడలేదు. దుమ్ము కొట్టుకుపోయి, గంగ ఎండిపోయిన కాశీ అయితే రెండు రోజులు కళ్లలోనే ఉంది.

ఇంటికొచ్చి వాడికి ఫోన్ చేసి, "అది సరే, 2898 ఎందుకు? 2900 అని పెట్టుకోవచ్చుగా" అన్నాను. వాడు ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు. మహాభారతం అయిపోయాక కలియుగం మొదలైంది క్రీ.పూ. 3102లో అంటారు కదా, అక్కడి నుంచి ఆరువేల ఏళ్లు లెక్కేస్తే క్రీ.శ. 2898 వస్తుంది, దర్శకుడు నాగ్ అశ్విన్ లెక్క అదేనని చెప్పాడు.

నేను ఆడిటర్ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. అంకె కనిపిస్తే కూడి చూడకుండా ఉండలేను. 3102కి 2898 కలిపితే ఆరువేలే. కానీ క్రీ.పూ. 1 అయిపోగానే వచ్చేది క్రీ.శ. 1. మధ్యలో సున్నా సంవత్సరం లేదు. అంటే ఒకటి తీసేయాలి. 5,999. టాలీ కాలేదు.

"నువ్వు సినిమాకి వెళ్లావా, ఆడిట్‌కి వెళ్లావా?" అన్నాడు వాడు.

అక్కడితో ఊరుకోవాల్సింది. నేనేమో అశ్వత్థామ మీదికి వెళ్లాను. వ్యాస భారతం సౌప్తిక పర్వంలో కృష్ణుడిచ్చిన శాపం మూడువేల ఏళ్లే. క్రీ.పూ. దాటకముందే శిక్ష పూర్తయిపోవాలి, ఆయన ఇంకా కాశీలో ఏం చేస్తున్నట్టు? దీనికి మాత్రం వాడు గట్టిగానే జవాబిచ్చాడు. "సప్త చిరంజీవుల శ్లోకం మొదలయ్యేదే అశ్వత్థామ పేరుతో. శాపం తీరితే మనిషి పోవాలని ఎక్కడుంది?" నిజమే, అక్కడ నాకు సగం మార్కులే. ఆ కోపంతో కాబోలు, "సైన్స్ ఫిక్షన్ అంటే తెలియని వాళ్లతో మాట్లాడటం దండగ" అని పెట్టేశాడు.

నాకు తెలియదట! వాడు లాగూల్లో ఉన్నప్పుడు 'ఆదిత్య 369' చూపించింది ఎవరు? 1991లో, నా పుట్టినరోజు డబ్బులతో, బెంచీ టికెట్టుకి. సింగీతం శ్రీనివాసరావు టైమ్ మెషీన్ ఎక్కించి ఇటు 1526లో రాయల కొలువుకీ అటు 2504కీ తీసుకెళితే, వాడు నెల రోజులు మా బియ్యం డబ్బాలో కూర్చుని ఇంజిన్ చప్పుడు చేశాడు.

అసలు నా వాదన వాడికి ఎక్కలేదు. నేను లాజిక్ పిచ్చిదాన్ని కాదు. 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె మూత తీస్తే శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు. దానికి బ్యాటరీ ఎక్కడుందని నేను ఏనాడూ అడగలేదు. ఎందుకంటే ఆ పెట్టె నాకు లెక్క చెప్పలేదు. ఇక్కడ పోస్టర్ మీద అంకె వేశారు. అంకె వేశాక చూసేవాళ్లు కూడి చూస్తారు. ఫాంటసీకీ సైన్స్ ఫిక్షన్‌కీ నాకు తెలిసిన తేడా అంతే. ఇది తప్పయినా సరే, నేను మార్చుకోను.

ఆ పదకొండు రోజుల్లో నేను ఖాళీగా లేను. ఆర్యభటుడు దొరికాడు. అరవై అరవైలు, అంటే 3,600 ఏళ్లు కలియుగంలో గడిచేసరికి తనకి ఇరవై మూడేళ్లు అని 'ఆర్యభటీయం'లో ఆయనే రాసుకున్నాడు. అది క్రీ.శ. 499. మా తమ్ముడి పద్ధతిలో 3102కి 499 కలిపితే 3,601 వస్తుంది. ఒకటి తీసేస్తేనే ఆర్యభటుడి లెక్క కుదురుతుంది. ఖగోళ శాస్త్రం వాళ్లు ఈ గొడవ పడలేకే తమ లెక్కల్లో సున్నా సంవత్సరం పెట్టుకుని, క్రీ.పూ. 3102ని మైనస్ 3101 అని రాస్తారు. కాగితం మీద అంతా వేసి, ఫొటో తీసి, వాడికి పంపాను. చూశాడు. జవాబు లేదు.

చివరికి అమ్మ కలగజేసుకుంది. ఆవిడ సినిమా చూడలేదు. మా ఇద్దరి గొంతులూ వారం పైగా కలవకపోయేసరికి సంగతేంటని అడిగింది. చెప్పాను. దేవుడి గదిలో మేకుకి వేలాడుతున్న క్రోధి నామ సంవత్సరం పంచాంగం తీసి, కళ్లజోడు పెట్టుకుని, మొదటి పేజీలు తిప్పింది. "కలి గతాబ్దములు 5125. గతం అంటే అయిపోయినవి. ఇప్పుడు నడుస్తున్నది 5126. నీ వయసు ఎవరైనా అడిగితే ఏం చెబుతావే? నలభై ఆరు నిండాయి, నలభై ఏడు నడుస్తోంది అంటావా లేదా?"

ఆ లెక్కన 2898 ఉగాదికి నిండేవి 5,999. ఆ రోజు నుంచి నడిచేది ఆరువేలవ సంవత్సరం. నేను నిండినవి లెక్కపెట్టాను, వాడు నడుస్తున్నది పట్టుకున్నాడు. వాడు పట్టుకున్నది పొరపాటునే అని నా గట్టి అనుమానం. అమ్మ దగ్గర ఆ మాట అనలేదు.

అయితే అమ్మ అక్కడితో ఆగలేదు. "ఇంతకీ కల్కి అప్పుడే పుడతాడంటారా? కలియుగం 4,32,000 ఏళ్లు. రోజూ సంకల్పంలో కలియుగే ప్రథమపాదే అనుకుంటున్నాం. ఆ ఒక్క పాదమే 1,08,000 ఏళ్లు. యుగం చివర్లో రావాల్సినవాణ్ణి ఇంత ముందు తెచ్చేస్తే ఎలా?" అంది. ఒక్క ఏడాది కోసం మేం కొట్టుకుంటుంటే ఆవిడ నాలుగు లక్షల ఇరవై ఆరు వేల ఏళ్ల తేడా చూపించింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి తమ్ముడికీ అదే చెప్పించాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "అమ్మా, అది సినిమా" అన్నాడు. ఆ ముక్క నేనంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

2025 ఉగాదికి వాడు ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పుతూనే, "పంచాంగం వచ్చిందా? 5126 నిండాయి కదా" అన్నాడు. ఏప్రిల్‌లో 'ఆదిత్య 369' మళ్లీ థియేటర్లలో వేశారు, ఇద్దరం కలిసి వెళ్లాం. టైమ్ మెషీన్ రాయల కాలంలో దిగగానే వాడు నా చెవి దగ్గరికి వంగి, "1526కి 3101 కలుపు. 4627 నిండాయి" అన్నాడు. వెనక సీటాయన "కాస్త సినిమా చూడనివ్వండి బాబూ" అన్నాడు.