పాత జీపు చాసిస్: ఉప్పుగాలి ఊళ్లలో ముందు చూడాల్సింది

కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ల వైపు తిరిగిన పాత మహీంద్రా జీపు కొంటే పెయింటు మెరుపు చూసి మురిసిపోకండి. బాడీ దింపి, చాసిస్‌ని (బండి బరువు మోసే ఇనుప ఫ్రేముని) సుత్తితో తడుతూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట మొద్దుగా మోగుతుంది. ముందు పోయేవి వెనక క్రాస్ మెంబరు (ఫ్రేము అడ్డ పట్టీ), కమాను కట్టల షాకిల్ హ్యాంగర్లు (కట్టల్ని ఫ్రేముకి వేలాడదీసే బిగింపులు). బురదా ఉప్పూ నిలిచేది అక్కడే.

తర్వాత టేపు పట్టి చాసిస్‌ని ఐమూలగా, మూల నుంచి ఎదురు మూలకి, రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ సమానంగా రావాలి. ఐదారు మిల్లీమీటర్లు దాటి తేడా ఉంటే ఫ్రేము వంగిందనే అనుమానించాలి, వెల్డింగుకి ముందే సరిచేయించాలి. తుప్పు తిన్నచోట వేసే ప్యాచ్‌కి అసలు మందం రేకే వాడి, అంచులు ఏటవాలుగా కోయించండి. నిలువు అతుకైతే దాని పక్కనే మళ్లీ పగులుతుంది.

శాండ్ బ్లాస్టింగ్ (ఇసుక జోరుగా కొట్టి తుప్పు రాల్చడం) అయిన రోజే ఎపాక్సీ ప్రైమర్ (తుప్పు పట్టకుండా వేసే తొలి పూత) పడాలి. మన తేమకి తెల్లారేసరికి ఎర్రపొర కట్టేస్తుంది. ఫ్రేములో పెట్టెలా మూసి ఉండే బోలు భాగాల లోపల మైనం స్ప్రే కొట్టించండి, నీళ్లు కారే రంధ్రాలు మాత్రం మూయకూడదు.

చాసిస్ నంబరు మీద గ్రైండరు అస్సలు పెట్టనివ్వకండి. అది చెరిగితే ఆర్సీ రెన్యువల్ దగ్గర బండి ఆగిపోతుంది.