‘హంబగ్’ రివ్యూలు చదివే ముందు

ఇంగ్లాండ్ రాక్ బ్యాండ్ ఆర్కిటిక్ మంకీస్ మొదటి ఆల్బమ్ 2006ల మెర్క్యురీ ప్రైజ్ (బ్రిటన్‌ల ఏటా ఒక ఆల్బమ్‌కు ఇచ్చే అవార్డు) గెలిచింది. ఉరుకులాడే గిటార్లు, గబగబ చెప్పే మాటలు. 2009ల మూడోది ‘హంబగ్’ వచ్చేసరికి లెక్క మారింది. జాష్ హోమీ, జేమ్స్ ఫోర్డ్ నిర్మాతలు, అంటే రికార్డింగ్ నడిపించినోళ్లు. చాలా పాటలు కాలిఫోర్నియా ఎడారి దిక్కు రికార్డయినయి. వేగం తగ్గింది, గిటార్లకు రీవర్బ్ (గుహల మోగినట్టు ప్రతిధ్వని) పట్టింది, పాటగాడు అలెక్స్ టర్నర్ గొంతు బరువెక్కింది.

రివ్యూలు మొత్తమ్మీద మంచిగనే వచ్చినయి. కాని చానామంది పాత హుషారు కోసమే దేవులాడిన్రు, దొరకలేదని మార్కులు కోసిన్రు. నా లెక్కల అది అన్యాయమే. రిలీజ్ వారంలనే రాసే రివ్యూకు వినే టైమ్ తక్కువ. నెమ్మది ఆల్బమ్ అక్కడనే దెబ్బతింటది. అందుకే నాలుగైదేండ్ల తర్వాత రాసినవి కూడా పక్కన పెట్టుకోండి. ఏ పాటల ఏ వాయిద్యం ఏం చేసిందో చెప్పని రివ్యూను పక్కకు పడేయొచ్చు.

ఇంకో సంగతి. ఈ ఆల్బమ్‌ల ‘క్రయింగ్ లైట్నింగ్’ పాట బేస్ గిటార్‌తోనే (లోతు స్వరాలు పలికే గిటార్) మొదలైతది. నల్లగొండ బస్సుల ఫోన్ స్పీకర్ పెట్టుకొని వింటే ఆ బేస్ సగం వినబడనే వినబడదు. 200 హెర్ట్జ్ కింద ఉండే లోతు శబ్దాలను ఆ చిన్న స్పీకర్ పెద్దగ పలికించదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, ఈక్వలైజర్ (శబ్దాన్ని మార్చే ఫోన్ సెట్టింగ్) ఆపేయండి. పాలమూరుల పన్నెండు మెట్ల కిన్నెర మీద కథ వినే ఓపిక ఉన్నోళ్లకు ఈ నెమ్మది కష్టమేం కాదు.

‘మై ప్రొపెల్లర్’ మొదటి ట్రాకే గాని, ముందు ‘కార్నర్‌స్టోన్’ వినండి. రాగం తొందరగ పట్టుకుంటది.