దేవమాలి చలిలో టీ కోసం: చిన్న పొయ్యికి ఏ ఇంధనం?

నవంబరు మూడో వారం, సిమిలిగుడ, మా ఇంటి డాబా

ఈ చలికాలం దేవమాలి మీద రెండు రాత్రులు ఉండాలని నేనూ మా బావా అనుకున్నాం. 1,672 మీటర్ల ఎత్తు, ఒడిశాలో అంతకు మించిన శిఖరం లేదు. కిందటేడు పుల్లల పొయ్యిని నమ్ముకుని వెళ్లాం. పైన అంతా గడ్డి కొండే. దొరికిన నాలుగు పుల్లలూ మంచుకి తడిసి, మంట కన్నా పొగే ఎక్కువ ఇచ్చాయి. అందుకే ఈసారి ఇంధనం మోసుకెళ్లాలి.

పరీక్ష ఒకటే పెట్టుకున్నాను. అదే అల్యూమినియం గిన్నె, అర లీటరు నీళ్లు, మూత పెట్టి. మరగడానికి ఎంత ఖర్చయింది, ఎన్ని నిమిషాలు పట్టింది.

కిరోసిన్‌ని తొందరగానే పక్కన పెట్టేశాను. వేడి బాగా ఇస్తుంది గానీ పంపు పొయ్యి బరువు, ముందు దాన్ని వేడెక్కించాలి. పైగా ఒకసారి సీసా మూత దగ్గర కాస్త కారి సంచిలోని అటుకులన్నీ పారబోయాల్సి వచ్చింది.

స్పిరిట్ మాత్రం ఆశ్చర్యపరిచింది. కూల్‌డ్రింక్ టిన్ను కోసి నేనే చేసిన పొయ్యిలో 20 మి.లీ. పోస్తే 8 నిమిషాల్లో నీళ్లు తెర్లాయి. మర్నాడు గాలి వీస్తుంటే అడ్డు లేకుండా వెలిగించాను. 40 మి.లీ. అయిపోయినా గిన్నె అడుగున చిన్న బుడగలు తప్ప ఏమీ లేవు. ఖాళీ నూనె డబ్బా రేకు కత్తిరించి, గిన్నెకి వేలెడు దూరంలో గుండ్రంగా నిలబెట్టాక మళ్లీ 20 మి.లీ.కి వచ్చేసింది. ఇంధనం ఎంత మంచిదైనా గాలికి అడ్డు లేకపోతే సగం వృథా.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఫర్నిచర్ పాలిష్‌కి వాడే డీనేచర్డ్ స్పిరిట్ (తాగడానికి పనికిరాకుండా చేసిన ఆల్కహాల్) అడగాలి. థిన్నర్ వేరే సరుకు, దాన్ని పొయ్యిలో పోయకూడదు. స్పిరిట్‌లో మిథనాల్ కలిసి ఉండవచ్చు, అది విషం. కాబట్టి నీళ్ల సీసాలో ఎప్పుడూ పోయకండి. నేను పొడవాటి సన్న సీసా తీసుకుని ఎర్ర టేపు చుట్టి ‘విషం’ అని రాశాను.

డిసెంబరు మొదటి ఆదివారం

ఈ రోజు జరిగింది రాయక తప్పదు. మిట్టమధ్యాహ్నం ఎండలో పొయ్యి ఆరిపోయిందనుకుని బావ సీసా వంచాడు. స్పిరిట్ మంట పగటి వెలుగులో కంటికి కనబడదు. చటుక్కున మంట చేతి మీదికి లేచింది. పక్కనే ఉన్న చెంబెడు నీళ్లు గుమ్మరించాను. స్పిరిట్ నీళ్లలో కలిసిపోతుంది కనుక వెంటనే ఆరింది. మణికట్టు మీద వెంట్రుకలు కాలాయి, చర్మానికి ఏమీ కాలేదు. “కనబడలేదు బావా, నిజంగా కనబడలేదు” అంటూ అరగంట అలాగే కూర్చున్నాడు. అప్పటినుంచి మా నియమం: చెయ్యి పైన పెట్టి వేడి చూడాలి, పొయ్యి పూర్తిగా చల్లారాలి, పక్కన నీళ్ల చెంబు ఉండాలి, ఆ తర్వాతే పోయాలి.

డిసెంబరు చివరి వారం, దేవమాలి పైన

బ్యూటేన్ గ్యాస్ డబ్బా కూడా తెచ్చాం. సిమిలిగుడలో అది 4 నిమిషాల్లోనే అర లీటరు మరిగించింది. ఇక్కడ తెల్లవారుజామున థర్మామీటరు 4 డిగ్రీలు. బ్యూటేన్ మరిగేదే సున్నాకి కాస్త కింద, పైగా గ్యాస్ ఆవిరవుతున్న కొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది. డబ్బా బయట మంచులా తెల్లటి పొర కట్టింది. మంట ముందు బాగా లేచి, నాలుగు నిమిషాలకి వత్తి దీపమంత అయింది. రెండో ఉదయం డబ్బాని రాత్రంతా రగ్గులో నా పక్కనే పెట్టుకుని పడుకున్నాను, చాలా మెరుగ్గా వెలిగింది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన డబ్బాలు ఈ చలికి తట్టుకుంటాయి, కానీ మా ఊళ్లో దొరకవు. డబ్బాని మంట దగ్గర వేడి చేయాలని మాత్రం ఎవరూ అనుకోవద్దు. డబ్బా పక్కన రేకు అడ్డు చుట్టడం కూడా అంతే ప్రమాదం.

స్పిరిట్ పొయ్యి రెండు ఉదయాలూ మాట నిలబెట్టుకుంది. చలికి వెంటనే అంటుకోలేదు, సీసాని కాసేపు చొక్కా లోపల పెట్టుకుంటే అంటుకుంది. ఇక్కడ నీళ్లు దాదాపు 95 డిగ్రీలకే మరుగుతాయి, అందుకని బియ్యం సరిగ్గా ఉడకలేదు. రాగి అంబలి, అటుకులు, టీ మాత్రం చక్కగా అయ్యాయి. డేరా లోపల ఏ పొయ్యీ వెలిగించలేదు. విషవాయువు భయం, నిప్పు భయం రెండూ ఉన్నాయి.

స్పిరిట్ మీద మొత్తం పది సార్లు కాచాం, 230 మి.లీ. అయింది. తెచ్చింది 300.

ఫిబ్రవరిలో గజపతి జిల్లా మహేంద్రగిరికి వెళ్లాలని ఉంది. రైల్లో స్పిరిట్ గానీ గ్యాస్ గానీ తీసుకెళ్లకూడదు, కాబట్టి పర్లాకిమిడిలో దిగి కొనాలి. అక్కడ పాలిష్ పని చేసే ఒకాయన్ని బావ ఫోన్లో కనుక్కుంటున్నాడు. ఈలోగా పొయ్యి పై రంధ్రాలు ఒక వరుస తగ్గించి, 18 మి.లీ.తో మరుగుతుందేమో చూస్తున్నాను.