ఇంట్లో అడిగి చెప్తా సార్

మంగళవారం, నెల్లూరు

డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్లలతో కెరీర్ మాటలతోనే ఈ రోజంతా గడిచింది. ఎక్కువసార్లు వినపడింది ఒకటే జవాబు: "ఇంట్లో అడిగి చెప్తా సార్."

దీన్ని తేల్చుకోలేనితనం కింద జమకట్టడం తప్పు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ హాలండ్ 1959లో చెప్పిన ఆరు రకాల ఆసక్తుల పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది, కానీ ఆ పద్ధతిలో ఇచ్చే ప్రశ్నాపత్రం ఒక్క మనిషి ఇష్టాన్నే అడుగుతుంది. ఇక్కడ నిర్ణయం ఇంటిల్లిపాదిదీ. అందుకే ప్రశ్నాపత్రానికి ముందు తెల్లకాగితం మీద మూడు గడులు గీయించాలి: నీకేం ఇష్టం, ఇంట్లో ఎవరేమంటారు, వాళ్ల భయం ఏంది. మూడో గడే అసలైంది. అందులో "దూరం" అని ఉంటే కిలోమీటర్ల లెక్క చెప్పి లాభం లేదు. పిల్ల ఎక్కడ ఉంటుంది, ఎవరితో ఉంటుంది, రాత్రి ఎన్నింటికి గదికి చేరుతుంది అన్నవి కనుక్కుని చెప్పాలి.

ప్రశ్నాపత్రం బెంచీకి ముగ్గురిని కూర్చోబెట్టి ఇస్తే పాడవుతుంది. పక్కవాడిని చూసి అందరూ "సేవ చేయడం ఇష్టం" అనే గీత పెడతారు. ఎడంగా కూర్చోబెట్టి, ప్రతి వాక్యం తెలుగులో చదివి, పేరు రాయించకుండా ఇస్తే మనసులో మాట బయటికొస్తుంది.

బిడియపడేవాళ్లకు "పదిమందినీ కలువు" అన్న సలహా శిక్షే. ఆ ఉద్యోగంలో ఉన్న ఒక్క మనిషి, అరగంట, కాగితం మీద ఐదు ప్రశ్నలు చాలు. మొదటిది జీతం గురించి వద్దు, "నిన్న పొద్దున్నుంచి ఏమేం పనులు చేశారు?" అని అడిగితే ఎదుటివాళ్లు మాట్లాడతారు. అన్నీ నచ్చేవాళ్లకు రెండే దారులిచ్చి గడువు పెట్టాలి. పట్టుదల గలవాళ్లు డీఎస్సీనో గ్రూప్సో పట్టుకుంటే, ఎన్నిసార్లు రాస్తారో ముందే ఇంట్లో కూర్చుని అనుకోవాలి. తర్వాత అనుకుంటే అది గొడవవుతుంది.

జువాలజీ పిల్లల్లో చాలామందికి టీచరుద్యోగమే కనిపిస్తుంది. కళ్లముందే రొయ్యల గుంటలున్నాయి. నీటిలో ఉప్పుశాతం, అమ్మోనియా చూసే, రొయ్యలకు తెల్లమచ్చ జబ్బు తెచ్చే వైరస్ ఉందో లేదో పీసీఆర్ పరీక్షతో చూసే ల్యాబులున్నాయి. ఇంటర్న్‌షిప్ నెలలు అక్కడ గడపకుండా సర్టిఫికెట్ మాత్రం తెచ్చుకుంటే, ఆ పని ఒంటికి పడుతుందో లేదో తెలిసే వీలే పోతుంది. ఈ విషయంలో మెత్తబడకూడదు.

రేపు నలుగురు ల్యాబు చూడటానికి పోతున్నారు. ఒకమ్మాయి వాళ్ల నాన్న కూడా వస్తానన్నాడు. మేనేజరు ముందు ఆయనకూ ఒక కుర్చీ వేయమని చెప్పాలి.