ఒకటిన్నర రోజు బరంపురం: నా అనుభవం

పర్లాకిమిడి నుంచి శనివారం మధ్యాహ్నం బయల్దేరి, ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. ఈ కాస్త సమయానికి నేను రెండే పెట్టుకుంటాను: సాయంత్రం ఒడిశాలోని బరంపురం బజారు, పొద్దున్న గోపాల్‌పూర్ సముద్రం. తారాతరణి గుడి, చిలికా సరస్సు కూడా చుట్టేద్దామనుకుంటే రోజంతా ఆటోలతో బేరాలకే సరి.

ఆఫీసు గొడవ శుక్రవారమే తెంపాలి. ఏ పని మిగిలింది, ఫైలు ఎక్కడుంది, ఎవరు చూస్తారు, ఈ మూడూ రాసి పక్క సీటాయనకి పంపేస్తాను. ‘అర్జెంటైతే ఫోన్ చెయ్యండి’ అని మాత్రం రాయను. రాశామా, అన్నీ అర్జెంటే. ఫోనులో డేటా ఆపేస్తాను. ఇంటివాళ్ల కాల్స్ ఎలాగూ వస్తాయి.

మోహన మీదుగా తప్తపాణి ఘాట్ దారి చూడముచ్చటగా ఉంటుంది కానీ, కడుపులో తిప్పేవాళ్లకి ఆ మలుపులు పడవు. పలాస దాకా బస్సు, అక్కణ్ణించి రైలు నయం. తిరుగు టికెట్ ముందే రిజర్వు చేసుకోవాలి. ఆదివారం సాయంత్రం జనరల్ పెట్టెలో నిలబడొస్తే విశ్రాంతి అంతా అక్కడే కరిగిపోతుంది. అక్టోబరు తుపాన్ల నెల: 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర. డిసెంబరు, జనవరి హాయి.

లాడ్జిలో దిగేముందు అడగాల్సింది ఒక్కటే: “చెకౌట్ ఇరవైనాలుగ్గంటల లెక్కాండీ, పొద్దున్న టైము లెక్కా?” ఇది అడక్క ఒకచోట రెండు రోజుల అద్దె కట్టాను. తెలుగులోనే అడగొచ్చు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు కింది గంజాం జిల్లా. బజారులో తెలుగు ఇప్పటికీ చెల్లుతుంది.

బరంపురం పట్టుకి అంచు పొడుగునా గుడి గోపురాల వరుసలాంటి కుంభాలు గుర్తు. అంచు చూసి మోసపోకూడదు. సిల్క్ మార్క్ లేబుల్ ఉందేమో చూడాలి, లేకపోతే కొంగు చివర పోగులు అడగాలి. పడుగుది (నిలువు పోగు) ఒకటి, పేకది (అడ్డ పోగు) ఒకటి విడివిడిగా కాల్చాలి, ఎందుకంటే కల్తీ చీరలో ఒకటి మాత్రమే పట్టు ఉండొచ్చు. పట్టుపోగు వెంట్రుక కాలిన వాసనేస్తుంది, మంట తీస్తే ఆరిపోతుంది, బూడిద వేళ్ల మధ్య పొడవుతుంది. పాలియెస్టరైతే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. జరీపోగుతో ఈ పరీక్ష కుదరదు. కాల్చనివ్వని కొట్టులో నేను కొనను.

గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లు. జనవరిలో ఆరున్నర లోపే పొద్దు పొడుస్తుంది, ఐదున్నరకి కదలాలి. ఆ వేళకి షేర్ ఆటోలు దొరుకుతాయని నమ్మకూడదు. రాత్రే ఒక ఆటో మాట్లాడుకోవాలి, రానూపోనూ కలిపి, అక్కడ ఆగే గంటలతో సహా. సముద్రం మోకాళ్లదాకానే. కాళ్ల కింద ఇసుక కోసుకుపోతుంటే వెనక్కొచ్చేయాలి. ఆ లాగుడు ముందు ఈత పనిచెయ్యదు.

అసలు చూడాల్సింది నోలియాల, అంటే ఇక్కడి జాలరుల, పడవలు ఒడ్డుకొచ్చే వేళ. వాళ్ల మాట తెలుగే. వల పరిచి, వల కంటికి చిక్కిన కానాగంత చేపని మొప్పల దగ్గర బొటనవేలితో నొక్కి, తల ముందుకు తోసి తీస్తారు. తోక పట్టి వెనక్కి లాగితే మొప్పలు అడ్డుపడి వల కన్ను తెగుతుంది. ఒక్కో చేపకి రెండు క్షణాలు పట్టదు. ఒక వల ఖాళీ అయ్యేదాకా నిలబడతాను, ఆటో హారన్ కొడుతున్నా సరే.

తిరుగుదారిలో అప్పడాలు. సంచిలో అన్నిటికంటే పైన.